రోలర్‌కోస్టర్ టైకూన్: కోస్టర్ల వాస్తవికత

రోలర్‌కోస్టర్ టైకూన్ క్రిస్ సాయర్ రూపొందించిన కంప్యూటర్ ఆట. 1999లో విడుదలైంది. ప్రోగ్రామ్‌లో అధికభాగం అసెంబ్లీ భాషలో రాసినది. ఆటగాడు వినోద పార్కును నడుపుతూ సొంత కోస్టర్లను నిర్మిస్తాడు.

భౌతిక సూత్రాలు: సాధారణ కోస్టర్‌లో గొలుసు రైలును తొలి ఎత్తుకు లాగుతుంది, ఆపై నడిపేది గురుత్వాకర్షణే. వేగం చాలకపోతే రైలు తర్వాతి ఎత్తు ఎక్కలేక వెనక్కి జారుతుంది. పరీక్షా ప్రయాణంలో వేగాన్ని, నిలువు, పక్క జి-బలాలను ఆట లెక్కిస్తుంది. వాటితోపాటు ఇతర అంశాలనూ కలిపి ఉత్సాహం, తీవ్రత, వికారం అనే మూడు కొలమానాలకు అంకెలిస్తుంది. పక్కకు వాల్చని మలుపులో రైలు దూసుకుపోతే పక్క బలం పెరిగి తీవ్రత ఎగబాకుతుంది. అది మరీ ఎక్కువైతే సందర్శకులు ఎక్కడానికే జంకుతారు.

పరిమితులు: పట్టాలు గడుల మీద అమర్చే తయారు ముక్కలు. నేటి నిజమైన కోస్టర్లలో నిలువు లూప్‌ను సాధారణంగా కన్నీటి చుక్క ఆకారంలో, వేగానికి తగ్గట్టు మలుస్తారు. ఇక్కడ వంపును అలా సవరించే వీలు లేదు. పట్టా తప్పిన రైలు బాంబులా పేలడమూ కల్పనే.

తరువాతి ఆటలు: 2016 నాటి ప్లానెట్ కోస్టర్‌లో పట్టాను కోరిన కోణంలో వంచవచ్చు. నోలిమిట్స్ సిమ్యులేటర్‌ను కోస్టర్ పరిశ్రమలోని నిపుణులు కూడా వాడారు.