కారు మిగిలింది, పేరు పోయింది

'ఫ్యూచర్ జీపీఎక్స్ సైబర్ ఫార్ములా' 1991లో సన్‌రైజ్ స్టూడియో తీసిన జపనీస్ యానిమే. కథాకాలం 2015. హీరో హయాతో కజామి, పద్నాలుగేళ్ల కుర్రాడు. అతని కారు అసురాద. తండ్రి తయారుచేసిన ఆ కారుకి మాటలొచ్చు, దారి చెబుతుంది.

మరుసటి ఏడాదే తకారా కంపెనీ దీన్ని సూపర్ ఫామికామ్ గేమ్‌గా తెచ్చింది. డాబా మీంచి వీధిని చూసినట్టు ట్రాక్ పైనుంచి కనిపిస్తుంది. అదే గేమ్ అమెరికాకి 'సైబర్ స్పిన్'గా వెళ్లింది. అక్కడ పాత్రల పేర్లు మార్చేశారు. కారు మిగిలింది, కుర్రాడు పోయాడు.

మన దగ్గర ఇంకో మెట్టు కిందకి దిగింది వ్యవహారం. తొంభైల్లో బెజవాడ ఇళ్లకి ఎక్కువగా చేరినవి ఫామికామ్ నకళ్లు. వాటిలో పైనుంచి చూసే రేసంటే కొనామీ వాళ్ల 'రోడ్ ఫైటర్'. పెట్రోల్ అయిపోయేలోపు గీత దాటాలి. చాలా క్యాసెట్లలో కంపెనీ పేరు కూడా ఉండేది కాదు. మేమంతా 'కార్ గేమ్' అనేవాళ్లం, అంతే.

సైబర్ స్పిన్‌కి కనీసం అట్టపెట్టె ఉంది, దాన్ని పట్టుకుని అసలు పేరు దాకా వెళ్లొచ్చు. మన క్యాసెట్లకి ఆ ఆధారమూ లేదు. వాటిని అమ్మినవాళ్లు, అద్దెకిచ్చినవాళ్లు, ఆడినవాళ్లు చెబితేనే చరిత్ర.

2015 దాటిపోయింది. ఇవాళ బెంజ్ సర్కిల్‌లో ప్రతి క్యాబ్‌లోనూ ఫోను దారి చెబుతోంది, తెరమీద కారు పైనుంచే కనిపిస్తోంది. అసురాద మనదాకా వచ్చేసింది, ఇక్కడా పేరు లేకుండానే. ఆ క్యాసెట్ల కొట్లవాళ్లని అడిగి రాసుకోవాల్సింది ఇప్పుడే.