సభలో నాలుగు మాటలు



మహిళా మండలి వార్షికోత్సవం జరుగుతూ ఉంటుంది. అధ్యక్షురాలు మీ పేరు పిలిచి "ఒక్క నాలుగు మాటలు మాట్లాడండమ్మా" అంటారు. అంతవరకూ పక్కావిడతో గలగలా కబుర్లు చెబుతున్న మీరు "అబ్బే, నాకేం వచ్చునండీ!" అంటూ వెనక వరసలోకి జారుకుంటారు. కూరలవాడితో బేరమాడే నోరు, బడికి వెళ్లి పిల్లల తరఫున వాదించే నోరు అక్కడ ఎందుకు ఎండిపోతుంది? మాటలు రాక కాదు. నలుగురిలో మాట్లాడటం ఆడదాని పని కాదని తరతరాలుగా మనకి నూరిపోశారు మరి!

ఆ మాట లెక్కచెయ్యని ఒక చిన్నపిల్ల కథ చెబుతాను, వినండి. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసేసరికి ఆమెకి ఇంచుమించు పన్నెండేళ్లు. దేవదాసీలతో, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలతో గాంధీగారు మాట్లాడాలని పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తేనే వీలవుతుందన్నారు పెద్దలు. దేవదాసీలే ఆ సొమ్ము సమకూర్చారు. తర్వాత పురజనుల సభలో గాంధీగారి ఉపన్యాసాన్ని దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు తెలుగు చెయ్యవలసి ఉండగా, గాంధీగారు ఈ పిల్లనే పిలిచి చెప్పమన్నారు. ఆ పిల్లే దుర్గాబాయి. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన మనిషి.

వెంకటప్పయ్యగారు ఆరితేరిన నాయకులు. ఆయన ముందు ఈ పిల్లకున్న బలం ఏమిటి? హిందీ పట్టుదలగా నేర్చుకుంది. ఆ స్త్రీల కష్టం దగ్గరగా చూసింది. అందుకే మాట తడబడలేదు. ఇంకొకటి గమనించండి. ఆమె మొదట చెప్పింది తన మాట కాదు, మరొకరి మాట. అలా గొంతుకి అలవాటైంది.

ఆ తర్వాత చదువుకుని లా పట్టా పుచ్చుకున్నారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1949లో రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 ఏళ్లు ఉండాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, తెలివి వయస్సునిబట్టి రాదని వాదించి, దాన్ని 30కి తగ్గించాలని సవరణ పెట్టారు. సభ ఒప్పుకుంది. ఈనాటికీ రాజ్యాంగంలో ఉన్నది ఆ 30 ఏళ్లే. చూశారా, ఒక్క విషయం, ఒక్క కారణం, నాలుగు మాటలు!

మనమూ అలాగే మొదలుపెట్టవచ్చు. తొలిసారి మండలి నివేదిక చదవండి చాలు. రెండోసారి మీకు బాగా తెలిసిన సంగతి ఒక్కటే ఎంచుకోండి. మీ వీధి కుళాయి నీళ్ల గొడవే అయినా సరే. మూడు ముక్కలు చీటీమీద రాసుకుని, వంటింట్లో పైకి రెండుసార్లు చెప్పుకోండి. "నేను వక్తను కాను" అని క్షమాపణతో మొదలుపెట్టకండి. ఎదుట కూర్చున్నవాళ్లలో తెలిసిన ముఖం ఒకటి చూసుకుని, ఆవిడతో చెబుతున్నట్టే చెప్పండి. చెప్పదలచింది అయిపోగానే కూర్చోండి.

కాళ్లు వణుకుతాయా? వణకనివ్వండి. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడేది మనం. ఆ సంగతి మనం చెప్పకపోతే, ఎన్నడూ బిందె మోయనివారు లేచి మన తరఫున చెబుతారు. అది మన మాట అవుతుందా, చెప్పండి!