రైలు కాలపు బండ ఇళ్లు

తాండూరు పాత ఇంట్లో కాలికింద బండ, మెట్టు బండ, గోడలోని అర బండ, తలమీద కప్పూ బండే. తాండూరు నుంచి కర్ణాటకలోని షాబాద్ దాకా ఇదే సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. పొర వెంట చీలిస్తే పలకగా లేస్తుంది. నీలం, పసుపు రంగుల్లో దొరికే ఈ రాయిని కొందరు తాండూరు బండ అంటారు, కొందరు నాపరాయి అంటారు.

ఇంటి కొలతను నిర్ణయించేది కప్పే. బండ బరువు మోస్తుంది కానీ వంపును తట్టుకోదు. పొడవు పెరిగితే నడిమికి విరుగుతుంది. అందుకే దూలాలను దగ్గర దగ్గరగా వేసి, వాటిమీద బండలు పరిచి, సందుల్లో సున్నం కూరేవారు. సున్నం ఊడితే వానాకాలంలో కప్పు కారుతుంది. లోతుగా చెక్కడానికి పొరల రాయి లొంగదు కాబట్టి ఈ ఇళ్లకు నగిషీ తక్కువ. వాటి అందమంతా కొలతలోనే ఉంది.

1874లో వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగా పడింది. వాడి దగ్గర అది బొంబాయి మార్గంతో కలిసింది. ఎంతో దూరం బండ్లమీద మొయ్యలేని బరువుకు అలా దారి దొరికింది. రాయికీ రైలుకూ మరో రకం బంధం లండన్‌లో కనిపిస్తుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1870లో, అక్కడి యూస్టన్ స్టేషన్ ముందరి తోటలో వాస్తుశిల్పి స్టాన్స్‌బీ రూపకల్పనలో రెండు చిన్న రాతి లాడ్జీలు లేచాయి. రైళ్లు వెళ్లే ఊళ్ల పేర్లను వాటి మూలరాళ్లమీద చెక్కారు. 1960ల మొదట్లో అక్కడి పెద్ద రాతి తోరణాన్ని కూల్చేసినా లాడ్జీలు మిగిలాయి. తాండూరులో రాయిమీద ఊళ్ల పేర్లు లేవు, రాయే ఊళ్లకు వెళ్లింది.

వికారాబాద్ పేరు పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిందీ ఆయనే. 1901 వరకు ఆయన హైదరాబాద్ దివానుగా ఉన్నాడు. ఆయన ప్యాలెస్‌కు ఇటలీ పాలరాయి వచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న ఊళ్లో సామాన్యుడి ఇంటికి పక్కనున్న తాండూరు బండే దిక్కయింది.

1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు, 2016లో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో భాగమైంది. సిమెంటు స్లాబు వచ్చాక బండ కప్పునుంచి దిగి నేలకే పరిమితమైంది. పాలిష్ యంత్రాలు దాని నునుపు పెంచాయి. ఆ యంత్రాల నుంచి వచ్చే రాతి బురదను ఎక్కడ పోయాలన్నది మాత్రం తాండూరుకు తెగని సమస్య.