హెచ్‌ఐవీ–క్షయ జంటవ్యాధి: పరిశోధన చరిత్ర

హెచ్‌ఐవీ ఉన్న మనిషికి క్షయ కూడా తోడయితే దాన్ని జంటవ్యాధిగా పరిగణిస్తారు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి మరణాలకు ప్రపంచమంతటా మొదటి కారణం ఇప్పటికీ క్షయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో కొత్తగా క్షయ బారిన పడినవారు కోటీ 8 లక్షల మంది. వారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు నూటికి ఆరుగురు. అదే ఏడాది క్షయతో చనిపోయిన 12.5 లక్షల మందిలో మాత్రం హెచ్‌ఐవీ ఉన్నవారు 1.61 లక్షలు, అంటే నూటికి 13 మంది. జబ్బుపడినవారిలో నూటికి ఆరుగురే ఉన్నవారు మరణాల్లో అంతకు రెట్టింపు ఎందుకు ఉన్నారన్న ప్రశ్న చుట్టూనే గత నలభై ఏళ్ల పరిశోధన నడిచింది. మందులు లేకపోవడం అందుకు ఒక కారణం మాత్రమే. ఉన్న మందులను ఏ వరుసలో, ఎన్ని రోజుల తేడాతో, ఏ మోతాదులో ఇవ్వాలో తెలియక పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి.

రెండు వ్యాధులు కలిసిన తీరు

క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1882లో గుర్తించాడు. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాక క్షయ నయమయ్యే జబ్బయింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగిని శానిటోరియంలో ఉంచనక్కర్లేదనీ, ఇంటి దగ్గరే మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందనీ 1959లో నిరూపించింది. ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్స పద్ధతినే మార్చేసింది. ఇక క్షయ పని అయిపోయిందని సంపన్న దేశాలు ధీమాగా ఉన్న రోజుల్లోనే, 1981 జూన్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందన్న చిన్న నివేదిక వెలువడింది. ఎయిడ్స్‌కు అదే తొలి నమోదు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంతాన్యే బృందం ఆ వైరస్‌ను వేరుచేసింది. 1986లో మద్రాసులోనే సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల భారతదేశంలో తొలిసారిగా హెచ్‌ఐవీని గుర్తించారు. అంటే క్షయకు ఇంటి వైద్యం చూపిన నగరమే దేశంలో హెచ్‌ఐవీని మొదట చూసింది. ఈ జంటవ్యాధి మీద మన దేశపు ముఖ్య పరిశోధనలు చాలావరకు ఆ నగరం చుట్టూ తిరగడంలో ఆశ్చర్యం లేదు.

రెండు వ్యాధుల మధ్య సంబంధాన్ని లెక్కలతో తేల్చింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగిన అధ్యయనం. మత్తుమందుల అలవాటుకు చికిత్స పొందుతున్నవారిని పీటర్ సెల్విన్ బృందం వెంబడించి చూసింది. చర్మ పరీక్షలో క్షయ సోకినట్టు తేలి, హెచ్‌ఐవీ కూడా ఉన్నవారిని వందమందిని ఏడాదిపాటు గమనిస్తే దాదాపు 8 మందికి క్షయ బయటపడింది. ఇది 1989 నాటి మాట. హెచ్‌ఐవీ లేనివారికి జీవితకాలం మొత్తంలో ఉండే ముప్పు నూటికి 5 నుంచి 10. వైరస్ ఉన్నవారికి ఆ ముప్పు ఒక్క ఏడాదిలోనే వచ్చిపడుతోందన్నమాట.

ఊపిరితిత్తుల్లోకి చేరిన క్షయ సూక్ష్మజీవుల చుట్టూ శరీరం రక్షణ కణాలతో గడ్డ కట్టి బంధిస్తుంది. ఆ గడ్డ చెదరకుండా నిలిపేవి సీడీ4 కణాలు. హెచ్‌ఐవీ సరిగ్గా ఆ కణాలనే చంపుతుంది. మరోవైపు క్షయ రేపే వాపు వల్ల వైరస్ ఇంకా వేగంగా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో హెచ్‌ఐవీతో మరణించినవారి శవపరీక్షలు జరిపి 1993లో ప్రచురించిన ఫలితాల్లో మొదటి కారణం క్షయేనని తేలింది. చాలామందిలో అది ఊపిరితిత్తులు దాటి ఒళ్లంతా పాకింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది.

ఏ మందు ముందు?

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన అధ్యాయం ఇదే. 1996 నుంచి మూడు మందుల కలయికతో హెచ్‌ఐవీని అదుపులో పెట్టడం సాధ్యమైంది. భారత కంపెనీల చవక మందులు రావడంతో 2000ల మధ్యకల్లా ఆఫ్రికా, ఆసియా పేదలకూ అవి అందసాగాయి. ఆ మందుల తయారీలో హైదరాబాద్‌లోని హెటిరో, అరబిందో వంటి కంపెనీలది పెద్ద వాటా. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్‌టీని (ఈ వైరస్ మందుల చికిత్సను) ఉచితంగా మొదలుపెట్టిన అధిక వ్యాప్తి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చే మనిషికి క్షయ కూడా ఉంటే ఏం చేయాలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. రెండు కోర్సులు కలిపితే మాత్రలు చేతినిండా అవుతాయి, రెంటివల్లా కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా వైరస్ మందులతో రోగనిరోధక శక్తి ఒక్కసారిగా కోలుకుని, లోపలున్న క్షయ సూక్ష్మజీవుల మీద విరుచుకుపడుతుంది. అప్పుడు జ్వరం పెరుగుతుంది, గడ్డలు వాస్తాయి, కొందరికి ఊపిరి ఆడదు. దీన్ని వైద్యులు ఐరిస్ అంటారు. ఇన్ని భయాల మధ్య చాలామంది డాక్టర్లు ముందు ఆరు నెలల టీబీ కోర్సు పూర్తిచేయించి, తర్వాతే ఏఆర్‌టీ మొదలుపెట్టేవారు. ఆ ఆరు నెలలు దాటకుండానే ఎందరో కన్నుమూసేవారు.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో సలీం అబ్దుల్ కరీం బృందం 642 మందితో శాపిట్ అనే ప్రయోగం చేపట్టింది. కొందరికి క్షయ చికిత్స మధ్యలోనే, మరికొందరికి అది ముగిశాక ఏఆర్‌టీ ఇచ్చారు. 2008 సెప్టెంబరులో భద్రతను పర్యవేక్షించే కమిటీ లెక్కలు చూసి రెండో పద్ధతిని వెంటనే ఆపేయమంది. కలిపి ఇచ్చినవారిలో మరణాలు 56 శాతం తక్కువ. 2010లో ఈ ఫలితం ప్రచురితమయ్యాక ‘ముందు క్షయ, తర్వాత వైరస్’ అన్న వాదనకు చోటు లేకుండా పోయింది.

చికిత్స మధ్యలో అంటే సరిగ్గా ఎప్పుడన్నది తేల్చిన ఘనత కంబోడియాకు దక్కాలి. దశాబ్దాల యుద్ధంతో ఆస్పత్రులే కూలిపోయిన ఆ దేశంలో జరిగిన కమెలియా ప్రయోగంలో 661 మంది చేరారు. వారి సీడీ4 కౌంట్ మధ్యస్థ విలువ 25. ఆరోగ్యవంతుల్లో అది 500కు పైనే ఉంటుందని గుర్తుంచుకుంటే వారి స్థితి అర్థమవుతుంది. క్షయ మందులు మొదలెట్టిన రెండు వారాలకే ఏఆర్‌టీ ఇచ్చినవారిలో నూటికి 18 మంది, ఎనిమిది వారాలకు ఇచ్చినవారిలో 27 మంది చనిపోయారు. ఐరిస్ తొందరగా మొదలెట్టినవారిలోనే ఎక్కువగా కనిపించింది. అయినా బతికినవారు కూడా వారిలోనే ఎక్కువ. నాలుగు ఖండాల్లో జరిగిన స్ట్రైడ్ ప్రయోగమూ ఇదే దారిలో సాగింది. మొత్తం మీద పెద్ద తేడా కనిపించకపోయినా, సీడీ4 50కి లోపున్నవారికి తొందరపడటం వల్ల స్పష్టమైన మేలు జరిగింది. శాపిట్ తుది ఫలితాలతో కలిపి ఈ మూడూ 2011 అక్టోబరులో ఒకే వైద్య పత్రిక సంచికలో వెలువడ్డాయి. వీటి ఆధారంగా, ఆ తర్వాత వచ్చిన పరిశీలనలనూ కలుపుకొని, సీడీ4 ఎంతున్నా రెండు వారాల్లోపు ఏఆర్‌టీ మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు ఈ తొందర పనికిరాదు. వియత్నాంలో 253 మంది మీద జరిగిన ప్రయోగంలో వెంటనే ఏఆర్‌టీ ఇవ్వడం వల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు, తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. పుర్రె లోపల వాపు వస్తే అది సర్దుకోవడానికి చోటుండదు. అందుకే వీరికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటున్నారు. ఇక ఐరిస్‌ను ముందే అడ్డుకోవచ్చని కేప్‌టౌన్‌లో గ్రేమ్ మైంట్యెస్ బృందం 2018లో చూపింది. నాలుగు వారాలు ప్రెడ్నిసోన్ ఇస్తే అది 47 శాతం మంది నుంచి 33 శాతానికి దిగింది. చవకగా ఎక్కడైనా దొరికే పాత మందు అది.

మోతాదు లెక్క: చెన్నై అధ్యయనాలు

రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకెక్కించి ఇతర మందులను తొందరగా కరిగించేస్తుంది. దాంతో వైరస్ మందు రక్తంలో చాలినంత నిలవదు. చెన్నైలోని (నాటి మద్రాసు) అదే పరిశోధన కేంద్రంలో సౌమ్యా స్వామినాథన్ బృందం నెవిరాపిన్ అనే వైరస్ మందును రోజుకోసారి ఇచ్చి ఎఫవిరెంజ్‌తో పోల్చి చూసింది. నెవిరాపిన్ వెనకబడటంతో ప్రయోగాన్ని ముందే ఆపారు. ఇప్పుడు అంతటా వాడుతున్న డోలుటెగ్రావిర్‌దీ ఇదే సమస్య. కాకపోతే దానికి సులువైన పరిష్కారం ఉంది: రిఫాంపిసిన్ వాడినన్నాళ్లూ 50 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు రెండుసార్లు వేసుకుంటే సరిపోతుంది.

వారానికి మూడు రోజుల మందుల గురించి జరిగిన అధ్యయనం మన పాఠకులకు మరింత దగ్గరిది. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మాత్రలు మింగించే పద్ధతిలో రోజు విడిచి రోజు ఇవ్వడం వీలుగా ఉంటుందని దేశం దాన్నే ఏళ్లతరబడి నమ్ముకుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఆ వీలు ప్రమాదంగా మారింది. చెన్నై బృందం 331 మందిపై చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో రోజూ మందులు తీసుకున్నవారిలో 91 శాతం మందికి మంచి ఫలితం వస్తే, వారానికి మూడుసార్లు తీసుకున్నవారిలో 77 శాతానికే వచ్చింది. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ కొత్తగా తలెత్తిందీ ఈ రెండో గుంపులోనే. దేశం 2017లో క్షయ రోగులందరికీ రోజువారీ మందులకు మారింది. ఈ మార్పు ఇంకా ముందే జరగాల్సింది. రోజు విడిచి రోజు పద్ధతిలో హెచ్‌ఐవీ ఉన్నవారిలో క్షయ మందుకు లొంగకపోవడం గురించి హెచ్చరించే ఫలితాలు చెన్నై నుంచే 2010లో వచ్చాయి.

కఫంలో దొరకని క్షయ

సీడీ4 బాగా తగ్గిన మనిషి ఊపిరితిత్తుల్లో గుంటలు పడవు. అందువల్ల తెమడలో సూక్ష్మజీవులు తక్కువగా ఉండి మైక్రోస్కోప్‌కు చిక్కవు, ఎక్స్‌రే కూడా మామూలుగానే కనిపించవచ్చు. గళ్ల పరీక్షలో ఏమీ లేదని ఇంటికి పంపితే కొద్ది వారాల్లో చనిపోయిన సంఘటనలు తొలి రోజుల్లో అన్ని దేశాల్లోనూ జరిగాయి. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లోపే క్షయ ఉందో లేదో, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెప్పేసింది. గోవాలోని మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్‌కు 2020లో ఆ ఆమోదం దక్కింది. బ్యాటరీతోనూ నడిచే యంత్రం కావడంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లగలిగింది.

కఫం తీయలేనంత నీరసించినవారికి ఇవేవీ చాలవు. వారికి మూత్రంలో లామ్ అనే క్షయ పదార్థాన్ని పట్టే పరీక్ష వచ్చింది. గర్భనిర్ధారణ పట్టీలాగే 25 నిమిషాల్లో గీత కనిపిస్తుంది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో ఆస్పత్రిలో చేరిన హెచ్‌ఐవీ రోగులపై జరిగి 2016లో వెలువడిన ప్రయోగంలో, ఈ పరీక్ష వాడిన చోట ఎనిమిది వారాల మరణాలు 25 నుంచి 21 శాతానికి తగ్గాయి. నలుగురే అని తీసిపారేసే తేడా కాదిది. ఒక పరీక్ష పట్టీ నూటికి నలుగురిని కాపాడటం రోగ నిర్ధారణ చరిత్రలో అరుదు.

తుగేలా ఫెర్రీ, ఆ తర్వాత

2006లో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రం తుగేలా ఫెర్రీ అనే గ్రామం నుంచి వచ్చిన వార్త ప్రపంచాన్ని కదిలించింది. దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ 53 మందికి ఉన్నట్టు తేలింది. వారిలో 52 మంది చనిపోయారు. కఫం తీసిన రోజు నుంచి సగం మంది 16 రోజులకు మించి బతకలేదు. హెచ్‌ఐవీ పరీక్ష చేసిన 44 మందికీ పాజిటివ్. వీరిలో చాలామందికి సోకింది ఆస్పత్రిలోనే కావచ్చని పరిశోధకులు భావించారు. ఏఆర్‌టీ కోసం వచ్చి వరుసలో కూర్చునే గదుల్లో గాలి ఆడేలా కిటికీలు తెరవాలన్న చిన్న మాటకు ఎంత విలువుందో ఆ ఊరు నేర్పింది.

పదమూడేళ్ల తర్వాత అదే దేశం నుంచి శుభవార్త వచ్చింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్ మూడూ కలిపి ఆరు నెలలు ఇస్తే మొండి క్షయ ఉన్న 109 మందిలో 90 శాతం మందికి నయమైంది. వారిలో సగం మందికి హెచ్‌ఐవీ ఉంది. తుగేలా ఫెర్రీలో పోయినవారి జబ్బు లాంటిదే ఇది. ఈ మూడు మందులకు మాక్సిఫ్లాక్సాసిన్ జోడించిన చికిత్సను భారత ప్రభుత్వం 2024లో ఆమోదించింది.

రాకుండా ఆపడం

ఐసోనియాజిడ్ ముందుగా ఇస్తే క్షయను ఆపవచ్చని ఎప్పటి నుంచో తెలుసు. మందుకు లొంగని క్షయ పుడుతుందేమోనన్న భయంతో ఆ పని ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఐవరీ కోస్ట్‌లో 2,056 మందితో సాగిన టెంప్రానో ప్రయోగం ఆ భయాన్ని చాలావరకు పోగొట్టింది. ఆరు నెలల ఐసోనియాజిడ్ తీసుకున్నవారిలో మరణాలు 37 శాతం తగ్గాయని, ఏఆర్‌టీ వాడుతున్నా ఆ మేలు నిలిచిందని 2017లో వెల్లడైంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కార్మికులందరికీ ఒకేసారి ఇచ్చి చూసినప్పుడు మాత్రం గనుల్లో క్షయ వ్యాప్తి తగ్గలేదు. మందు ఆపగానే రక్షణ కూడా పోయింది. 2019లో పది దేశాల్లో 3,000 మందితో జరిగిన ప్రయోగంలో ఐసోనియాజిడ్‌ను రిఫాపెంటిన్ అనే మందుతో కలిపి ఒక్క నెల ఇస్తే అది తొమ్మిది నెలల ఐసోనియాజిడ్‌కు ఏమాత్రం తీసిపోలేదు. కోర్సు పూర్తిచేసినవారూ ఎక్కువే. గర్భిణుల విషయంలో జాగ్రత్త అవసరమని అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అందులో పుణె మహిళలూ ఉన్నారు. గర్భంతో ఉండగానే ఐసోనియాజిడ్ మొదలుపెట్టినవారిలో 24 శాతం మందికి, కాన్పయ్యాక మొదలుపెట్టినవారిలో 17 శాతం మందికి కాన్పు సంబంధిత చిక్కులు వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి ఈశాన్య రాష్ట్రాలను మినహాయిస్తే దేశంలోకెల్లా ఎక్కువ. శ్రీ సత్యసాయి జిల్లా (ఒకప్పటి అనంతపురం జిల్లా) బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆస్పత్రి తన హెచ్‌ఐవీ రోగుల వివరాలతో ఏళ్లతరబడి పరిశోధన పత్రాలు వెలువరించింది. గ్రామీణ పేదల జంటవ్యాధి గురించి అంతర్జాతీయ పత్రికల్లో తెలుగు నేల నుంచి వచ్చిన ముఖ్యమైన సమాచారంలో అదొకటి.

టీకా మీద ఆశ ఇప్పుడు ఎం72 అనే ప్రయోగాత్మక టీకాపై ఉంది. హెచ్‌ఐవీ లేని పెద్దల్లో దాదాపు 50 శాతం రక్షణ కనిపించడంతో 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో తుది దశ ప్రయోగం మొదలై మరో నాలుగు దేశాలకు విస్తరించింది. సుమారు 20 వేల మందిని చేర్చుకోవాలన్న ఈ ప్రయోగంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికీ చోటిచ్చారు. ఇంతలో 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేయడంతో ఆ డబ్బుతో నడిచే అనేక క్షయ ప్రయోగాలు మధ్యలోనే నిలిచిపోయాయి. నాలుగు దశాబ్దాల్లో ఈ జంటవ్యాధికి వైద్యం నేర్పిన ఆస్పత్రుల్లో చాలావాటి మీద ఆ దెబ్బ పడింది.