బొమ్మ పోయిందా, వెలుగు పోయిందా?

మాది బిట్రగుంట, ఒకప్పుడు ఆవిరి ఇంజిన్ల షెడ్డున్న రైల్వే ఊరు.

1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది, దూరదర్శన్‌కి రంగులొచ్చాయి. ఆ తర్వాత మా ఇంటికీ ట్యూబ్ టీవీ వచ్చింది. రిపేరంటే అప్పట్లో మిద్దెక్కడమే. నాన్న యాంటెన్నా తిప్పేవాడు, నేను కింద నుంచి "వచ్చింది... పోయింది!" అని అరిచేవాణ్ణి. తెర నిండా చుక్కలొస్తే తప్పు టీవీది కాదు, సిగ్నల్‌ది అని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు గోడకి ఎల్ఈడీ టీవీ. మొన్న మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు. "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు మెకానిక్. అమ్మ పింఛను డబ్బులు తీయబోయింది. ఆగమన్నా. లైట్లార్పి, ఫోన్ టార్చ్ తెరకి దగ్గరగా పెట్టి ఏటవాలుగా చూశా. లీలగా బొమ్మ కదులుతోంది!

ట్యూబ్ టీవీలో తెరే వెలిగేది. ఈ తెరకి సొంత వెలుగు లేదు, వెనకున్న ఎల్ఈడీ పట్టీలు వెలగాలి. పోయింది ప్యానెల్ కాదు, ఆ వెలుగే. ఇంకో మెకానిక్‌తో పట్టీలు మార్పించాం, టీవీ బతికింది.

మీరూ ముందు ప్లగ్ తీసి, రెండు నిమిషాలాగి పెట్టండి. రిమోట్‌లో ఇన్‌పుట్ సరిచూడండి. తర్వాతే టార్చ్. వెనక మూత మాత్రం విప్పొద్దు: ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

నాన్న మిద్దెక్కి చేసిందీ ఇదే. డబ్బు తీసే ముందు, తప్పెక్కడుందో వెతకడం.