శివార్లు వేరు కాపురం పెట్టిన కథ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. రాజుల యుద్ధాలు, శాసనాలు నాకు తెలిసినవి కావు. సర్వీసంతా మునిసిపల్ ఆఫీసులో ఇంటిపన్ను సీటులో గడిపినవాణ్ణి. నాకు తెలిసిందల్లా డిమాండు రిజిస్టరు. అయితే ఒక ఊరు పుట్టడానికి ఆ రిజిస్టరే కారణం కావచ్చునని అమెరికా వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ సంగతే ఇక్కడ మనవి చేస్తున్నాను.

మన సభ్యులలో చాలామంది మాదిరిగానే నేనూ, మా ఆవిడా ఒక ఆరు నెలలు మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాము. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నగరానికి ఉత్తరాన వాళ్ళ ఇల్లు. ఇంటికి వచ్చే ఉత్తరాల మీద ఊరి పేరు ఆల్ఫరెటా అని ఉండేది. రోడ్డు మీద బోర్డు చూస్తే జాన్స్ క్రీక్ నగరం అని ఉండేది. ఇంతకూ మనం ఉన్నది ఏ ఊళ్ళో అమ్మా అని అడిగాను. "పోస్టాఫీసు వాళ్ళకి ఆల్ఫరెటా, మునిసిపాలిటీకి జాన్స్ క్రీక్ నాన్నా. 2006కి ముందు ఈ నగరమే లేదట" అంది. ఇళ్ళు ముందే ఉన్నాయి, రోడ్లు ముందే ఉన్నాయి, మనుషులు ముందే ఉన్నారు. నగరం మాత్రం తరువాత పుట్టింది. ఇదేమి వింత అని ఆరా తీస్తే వెనుక యాభై యేళ్ళ చరిత్ర బయటపడింది.

ముందుగా అక్కడి ఏర్పాటు సంగతి చెప్పాలి. రాష్ట్రం కింద కౌంటీలు ఉంటాయి. మన జిల్లా వంటివి. కౌంటీలో కొంత భాగం నగరాల కింద ఉంటుంది. వాటికి మేయరు, కౌన్సిలు ఉంటారు. ఏ నగరానికీ చెందని ప్రాంతాన్ని కౌంటీ ప్రభుత్వమే నేరుగా చూస్తుంది. రోడ్లు, పోలీసు, ఇళ్ళ ప్లాన్ల అనుమతులు అన్నీ కౌంటీవే. అట్లాంటా ప్రధానంగా ఉన్నది ఫుల్టన్ కౌంటీలో. పొడుగ్గా, సన్నగా ఉండే కౌంటీ అది. నడుమ అట్లాంటా, ఉత్తరాన సంపన్నమైన శివార్లు, దక్షిణాన అంత కలిమి లేని శివార్లు.

1952లో అట్లాంటా నగరం చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకుని తన విస్తీర్ణాన్ని మూడు రెట్లకు పైగా పెంచుకుంది. ఉత్తరాన ఉన్న బక్‌హెడ్ అనే ధనికుల పేట అప్పుడే నగరంలో చేరింది. దానికి పైన ఉన్న శాండీ స్ప్రింగ్స్‌ను కూడా కలుపుకోవాలని ఆ తరువాత ప్రయత్నించారు. 1966లో ఓటింగు పెడితే శాండీ స్ప్రింగ్స్ ప్రజలు వద్దన్నారు. పన్నులు పెరుగుతాయన్న భయం ఒక కారణం. ఇంకొక కారణాన్ని దాచి చరిత్ర రాయకూడదు. అట్లాంటా బడులలో తెల్ల పిల్లలూ నల్ల పిల్లలూ కలిసి చదవడం మొదలైంది 1961లో. నగరం వదిలి శివార్లకు తరలిపోయిన తెల్లవారిలో చాలామందికి ఆ మార్పు ఇష్టం లేదు. 1973లో అట్లాంటా ప్రజలు తొలి నల్లజాతి మేయరుగా మేనార్డ్ జాక్సన్‌ను ఎన్నుకున్నారు.

1975లో శాండీ స్ప్రింగ్స్ వారు సొంత నగరం కోసం ఒక కమిటీగా ఏర్పడ్డారు. బెర్లిన్‌లో పుట్టి అమెరికా చేరిన ఆర్థికవేత్త ఈవా గలాంబోస్ ఆ ఉద్యమానికి ముందు నిలిచారు. వారి వాదన ఇది. మేము కట్టే పన్ను ఎక్కువ, మాకు జరిగే పని తక్కువ. మా సొమ్ము కౌంటీలో వేరే చోట ఖర్చవుతోంది. మా వీధుల్లో ఎంతెంత భవనాలు కట్టాలో మాతో సంబంధం లేని కమిషనర్లు నిర్ణయిస్తున్నారు. మన శివారు కాలనీల సంక్షేమ సంఘాల సమావేశాలలో కూర్చున్నవారికి ఈ మాటలు కొత్త కావు.

కోరిక ఉంటే చాలదు. కొత్త నగరానికి రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. ఆ తరువాత నగరంలో చేరబోయే ప్రాంతం వారు ఓటు వేయాలి. ఏటేటా బిల్లు పెట్టడం, అది ఆగిపోవడం, ఇలా ముప్పై యేళ్ళు గడిచాయి. 2004 ఎన్నికలలో శాసనసభ రెండు సభలూ రిపబ్లికన్ పార్టీ చేతికి రాగానే దారి తెరుచుకుంది. 2005 జూన్ 21న ఓటింగు జరిగితే 94 శాతం మంది ఔనన్నారు. 2005 డిసెంబరు 1న శాండీ స్ప్రింగ్స్ నగరం పని మొదలుపెట్టింది. గలాంబోస్ గారే తొలి మేయరు.

ఇక్కడ మన పెన్షనర్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. కొత్త నగరానికి ఏర్పాట్లు చేసింది కూడా ఒక రిటైర్డు ఉద్యోగే. టెలిఫోను కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి విరమించిన ఆలివర్ పోర్టర్ జీతం తీసుకోకుండా నెలల తరబడి ఆ పని చూశారు. ఆఫీసు లేదు, సిబ్బంది లేరు, ఖజానాలో పైసా లేదు. అప్పుడాయన ఎంచుకున్న మార్గం, పోలీసు, అగ్నిమాపక శాఖలు తప్ప మిగతా పనులన్నీ ఒకే ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టు ఇవ్వడం. ప్లాన్లు పాసు చేసేవారు, రోడ్లు చూసేవారు, లెక్కలు రాసేవారు అందరూ కంపెనీ మనుషులే. పాత నగరాల నెత్తిన ఉన్న పెన్షను భారం మాకు లేదని కొత్త నగరం గర్వంగా చెప్పుకుంది. దేశదేశాల నుంచి అధికారులు చూడడానికి వచ్చారు.

పెన్షను అనేది భారం అన్న మాట వింటే మనకు మనసు చివుక్కుమంటుంది. కాబట్టి తరువాత జరిగింది కూడా చెప్పాలి. 2011లో ఆ ఒక్క కాంట్రాక్టును విడగొట్టి పలు కంపెనీలకు పంచారు. 2019లో లెక్కలు వేసి చూసుకుంటే చాలా పనులకు సొంత ఉద్యోగులను పెట్టుకుంటేనే చవక అని తేలింది. అయిదేళ్ళలో 1 కోటి 40 లక్షల డాలర్లు మిగులుతాయని అంచనా వేసి, ఆ సేవలలో ఎక్కువ భాగాన్ని నగరం తన చేతిలోకి తీసుకుంది. పర్మనెంటు ఉద్యోగి అంటే దండగ ఖర్చు అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

శాండీ స్ప్రింగ్స్‌ను చూసి మిగతావారూ బయలుదేరారు. 2006లో జాన్స్ క్రీక్, మిల్టన్, 2008లో పక్క కౌంటీలో డన్‌వుడీ నగరాలయ్యాయి. వీటిలో మిల్టన్ పేరు వెనుక ఒక కథ ఉంది. ఒకప్పుడు అక్కడ మిల్టన్ కౌంటీ అని వేరే కౌంటీయే ఉండేది. ఆల్ఫరెటా దానికి ముఖ్య పట్టణం. 1930ల ఆర్థిక మాంద్యంలో అది దివాళా తీసే స్థితికి వచ్చి, 1932లో ఫుల్టన్ కౌంటీలో కలిసింది. అంటే కష్టకాలంలో వచ్చి చేరిన ప్రాంతమే కలిమి వచ్చిన తరువాత వేరుపడాలనుకుంది. మన పల్లెల్లో అన్నదమ్ముల పంపకాలు చూసినవారికి దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు.

పంపకం తరువాత పాత ఇంట్లో మిగిలినవారి సంగతేమిటి? ఉత్తరాన పన్ను బాగా వచ్చే ప్రాంతాలు ఒక్కొక్కటే వెళ్ళిపోతే, దక్షిణాన మిగిలినవారికి తక్కువ రాబడితోనే రోడ్లు, పోలీసు, పార్కులు నడవాలి. ఓటు వేసే హక్కు వెళ్ళిపోయేవారికి మాత్రమే ఉంది. మిగిలిపోయేవారిని ఎవరూ అడగలేదు. దక్షిణాన నల్లజాతి వారే అధికం. 2007లో వారికీ సొంత నగరం కావాలా అని ఓటింగు పెడితే పెద్ద మెజారిటీతో వద్దన్నారు. అయితే చుట్టూ నగరాలు ఏర్పడుతుంటే కౌంటీ కింద ఒంటరిగా ఉండడం కుదరలేదు. 2016 ఓటింగులో ఒప్పుకుని, 2017లో సౌత్ ఫుల్టన్ నగరంగా మారారు. ఈ మధ్యలో 2011లో నల్లజాతి శాసనసభ్యుల బృందం కోర్టుకు వెళ్ళింది. ఈ కొత్త నగరాల వల్ల తమ వారి ఓటు బలం తగ్గిపోయిందని వారి వాదన. ఆ దావా నిలబడలేదు.

ఒక్క విషయంలో మాత్రం పంపకం జరగలేదు. అది బడులు. జార్జియాలో కొత్త నగరాలు సొంత పాఠశాల వ్యవస్థ పెట్టుకోవడానికి వీలు లేకుండా 1945లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు. అందుచేత జాన్స్ క్రీక్‌లో చదివే మా మనవడి బడి, దక్షిణాన సౌత్ ఫుల్టన్‌లో చదివే పిల్లవాడి బడి ఒకే కౌంటీ పాఠశాలల బోర్డు కింద నడుస్తాయి. కోర్టులు, గ్రంథాలయాలు కూడా కౌంటీవే. కుండలు పగలగొట్టుకున్నా నూతి నీళ్ళు ఉమ్మడిగానే ఉన్నాయన్నమాట.

చివరకు అట్లాంటా నగరం లోపలే ఉన్న బక్‌హెడ్ కూడా వేరుపడతానంది. ఈసారి నేరాలు పెరిగాయన్నది ముఖ్య కారణం. నగరానికి వచ్చే పన్నులో పెద్ద వాటా ఆ పేటదే. అది వెళ్ళిపోతే నగరం ఏమవుతుంది, పాత అప్పులు ఎవరు తీరుస్తారు అన్న ప్రశ్నలు వచ్చాయి. 2023 మార్చి 2న రాష్ట్ర సెనేటు ఆ బిల్లును 33-23 ఓట్లతో తిరస్కరించింది. కొందరు రిపబ్లికన్ సభ్యులు కూడా వద్దన్నారు.

ఇదే తగవును కాలిఫోర్నియా రాష్ట్రం మరొక విధంగా తీర్చింది. లాస్ ఏంజిలిస్ నగరంలోని శాన్ ఫెర్నాండో లోయ వారు 1915లో కాలువ నీళ్ళ కోసం నగరంలో చేరారు. దాదాపు తొంభై యేళ్ళ తరువాత విడిపోతామన్నారు. అక్కడి చట్టం ప్రకారం వెళ్ళేవారూ ఒప్పుకోవాలి, నగరం మొత్తమూ ఒప్పుకోవాలి. పైగా విడిపోతే పాత నగరానికి ఏటా కొంత సొమ్ము చెల్లించాలని, అది క్రమంగా తగ్గుతూ రావాలని షరతు పెట్టారు. 2002 నవంబరులో ఓటింగు జరిగింది. లోయలో స్వల్ప మెజారిటీతో ఔనన్నారు. నగరమంతటా లెక్కపెడితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. విభజన ఆగిపోయింది.

ఒక చోట వెళ్ళేవారిని మాత్రమే అడిగారు, ఇంకొక చోట అందరినీ అడిగారు. ఫలితం తారుమారైంది. ఎవరిని అడగాలన్న ఒక్క నిబంధనలోనే నగరాల తలరాత ఉందని నాకు అర్థమైంది.

మన వైపు కథ ఎదురు దిశలో నడిచింది. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. 2007లో మల్కాజిగిరి, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్.బి.నగర్ వంటి 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు ఏర్పాటు చేశారు. అక్కడ విడిపోయారు, ఇక్కడ కలిసిపోయారు. కాని కౌంటరు దగ్గర నేను రోజూ విన్న ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే: "మా వీధి పన్ను మా వీధికి ఎంత తిరిగి వస్తోందండీ?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. పాలన ప్రజలకు దగ్గరగా ఉండాలన్నదీ న్యాయమే. శాండీ స్ప్రింగ్స్ వారి ముప్పై యేళ్ళ పట్టుదలను నేను తక్కువ చేయను. అయితే దానికి జంటగా ఇంకొక ప్రశ్న ఉంది. మా వీధి పన్నులో పక్క వీధికి ఏమైనా బాకీ ఉందా? మనకు వచ్చే పెన్షను కూడా అటువంటి బాకీ మీదే నిలిచి ఉంది. ఇప్పుడు పనిచేస్తున్నవారి పన్నులో కొంత మనకు చేరుతోంది. మన రోజుల్లో మన కష్టంలో కొంత ముందు తరం పెద్దలకు చేరింది. ఎవరి సొమ్ము వారికే అన్న లెక్క పూర్తిగా అమలైతే మొదట ఇబ్బంది పడేది మనమే.

ఈసారి పిల్లల దగ్గరకు వెళ్ళే సభ్యులకు నాదొక చిన్న మనవి. పార్కులు, గుళ్ళు ఎలాగూ చూస్తారు. ఒక సాయంత్రం ఆ ఊరి కౌన్సిలు సమావేశానికి కూడా వెళ్ళి కూర్చోండి. ఎవరైనా వెళ్ళవచ్చును, టిక్కెట్టు లేదు. ఆ ఊరు ఎప్పుడు పుట్టిందో, పుట్టినప్పుడు ఎవరిని అడిగారో, ఎవరిని అడగలేదో పిల్లలను అడిగి చూడండి. వారికి తెలియకపోతే వారితో కలిసి తెలుసుకోండి. మనవలకు చెప్పడానికి ఒక మంచి కథ దొరుకుతుంది.