తీగల వంతెన కింద గాలం

తెల్లారగట్ల మూడింటికి ఫిల్మ్‌నగర్‌లో బండి తీస్తే పొద్దు పొడిచేసరికి కృష్ణ ఒడ్డున సోమశిలలో గాలం పడాలి. మొన్న శనివారం పడలేదు. టోల్ గేటు దగ్గర మెషీను మా ఫాస్టాగ్ చదవనంది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే రెట్టింపు కట్టి బయటపడ్డాం. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే దిగాక మరో తంటా. రోడ్డు సగం తవ్వి మట్టి పోశారు, ఉన్న ఒక్క వరసలోనే రెండు వైపుల బళ్లూ. ఎనిమిదిన్నరకు నీళ్ల దగ్గరికి చేరాం. కొర్రమీను అప్పటికే గడ్డి కిందికి పోయింది. "అన్నా, చేప డ్యూటీ దిగిపోయిందా?" అన్నాడు వెంట వచ్చిన కెమెరా అసిస్టెంటు.

నేను ముప్పై ఏళ్లు ఔట్‌డోర్ యూనిట్ వ్యాను నడిపాను. ఇప్పుడు శని, ఆదివారాలు సినిమా వాళ్లను గాలానికి తీసుకెళ్తాను. కానీ నేను గాలం నేర్చుకున్న నీళ్లకు హైవే అక్కర్లేదు, గుట్ట దిగితే చాలు.

మాది పాలమూరు. అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో కట్టేటప్పుడు మా నాన్న అక్కడ బండ కొట్టే పనికి వచ్చాడు. 1976 జనవరిలో స్టూడియో తెరిచారు. మద్రాసు నుంచి సినిమా ఇంకా పూర్తిగా తరలిరాలేదు. చుట్టూ గుండ్లు, సీతాఫలం చెట్లు. ఆ గుండ్ల వెనకే దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు తాగునీళ్లిచ్చిన చెరువు. బండల మధ్య దాక్కుని ఉంటుందని తర్వాతి వాళ్లు సీక్రెట్ లేక్ అన్నారు. మా పిల్లగాళ్లకు అందులో సీక్రెట్ ఏముంది? వెదురుకర్ర, నైలాన్ దారం, బెండుకు నెమలి ఈక కాడ, డబ్బాలో తడిమట్టి, అందులో ఎర్రలు.

ఒక పొద్దున నీటి మీద ఎర్రటి ముద్ద కదులుతూ కనిపించింది. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. కొర్రమీను పిల్లలు! గాలి కోసం వందల నోళ్లు ఒక్కసారి పైకొచ్చి మునుగుతున్నాయి, అడుగున నల్లగా తల్లి. గాలం వెయ్యబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఈ రోజుకీ అలాంటి గుంపు కనిపిస్తే నా బండి ఎక్కినవాడు ఎంత పెద్ద హీరో అయినా గాలం వెయ్యనివ్వను.

వ్యాను స్టీరింగు పట్టాక మిగతా నీళ్లు తెలిశాయి. షాటుకూ షాటుకూ మధ్య గండిపేట ఉస్మాన్‌సాగర్ ఒడ్డున కూర్చునేవాణ్ని. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చోట మాకు బొచ్చెలు దొరికేవి.

ఈలోగా దుర్గం చెరువు చుట్టూ అద్దాల మేడలు లేచాయి. మురుగు కలిసింది, గుర్రపుడెక్క కమ్మింది. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన తెరిచారు. ఆదివారం సెల్ఫీల జనం. నేను కూర్చుని గాలం వేసిన బండ ఆ వంతెన నీడలో ఎక్కడో ఉంది.

అందుకని సోమశిల. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. 1981 నాటికి శ్రీశైలం నీళ్లొచ్చి కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగాయి. గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీద మళ్లీ కట్టారు, మనుషుల ఇళ్లకు ఆ యోగం లేదు. ఎండాకాలం నీరు తగ్గితే గోడల మొదళ్లు పైకి తేలుతాయి. వానలు పడి మళ్లీ నిండాక చేప ఆ గోడల సందుల్లోనే నిలుస్తుంది. కాబట్టి ఎక్కడ గాలం వెయ్యాలో నాకు బాగా తెలుసు.

అక్కడా తీగల వంతెన మంజూరైంది. సంతోషమే అనాలి. 2007లో ఆ నీళ్లలో పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. వంతెన కోసం అడిగీ అడిగీ ఆ ఊళ్ల జనం నోళ్లు ఎండిపోయాయి.

మొన్న పదకొండింటికి కెమెరా తమ్ముడికి బొచ్చె పడింది, మూడు కిలోలుంటుంది. "ఎక్కడేశావురా?" అన్నాను. చేత్తో చూపించాడు. మా అమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం అది మా తాత పశువుల కొట్టం.